పాట ఆపడం రాని మావ

ఆ రోజుల్లో మా వైపు రైలుగేటు పడిందంటే మనిషికి కాస్త తీరిక దొరికినట్టే. ఇప్పటిలా హారన్లు కొట్టుకుంటూ, ఫోను మీద వేలు తోసుకుంటూ గింజుకునేవాళ్లు కాదు. బండి దిగి చుట్ట ముట్టించేవాళ్లు, ఎడ్లకు గడ్డి పరిచేవాళ్లు, పక్క బండివాడితో వరసలు కలుపుకునేవాళ్లు (మా చిన్నాన్న పెళ్లి అలా గేటు దగ్గరే కుదిరింది; ఆ గేటు పడకపోతే బాగుండేదని చిన్నాన్న చాలాకాలం అనుకున్నాడు, అది వేరే కథ). కానీ కోటబొమ్మాళి అవతల ఒక గేటు ఉండేది. ఆ గేటు పడితే మాత్రం జనం మొహాలు మాడిపోయేవి. రైలు వచ్చి, వెళ్లి, దాని పొగ కూడా కనపడకుండా పోయినా గేటు లేచేది కాదు. లోపల గేటుమేను గిటారు వాయిస్తూ ఉండేవాడు. ఆ గేటుమేను మా మావ, మా అమ్మకి స్వయానా అన్న. ఊళ్లో ఆయన పేరు ఎవరికీ గుర్తులేదు. ‘గేటుగిటారు’ అంటేనే తెలిసేది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మొన్న విజయనగరంలో నా మైకుసెట్టు కొట్టుకి మా బంధువుల కుర్రాడొకడు వచ్చాడు. కాలేజీ చదువు, చెవిలో వైర్లు. ఎవరి ఇంట్లోనో అటక మీద మావ పాట ఎక్కించిన పాత క్యాసెట్టు దొరికిందట. దుమ్ము దులిపి నెట్టులో పెట్టాడట. ఎక్కడెక్కడివాళ్లో విని తలలూపుతున్నారట. “తాత పయనీరు పెదనాన్నా! ఈ పక్క బూగీ వాయించిన మొట్టమొదటి మనిషి!” అన్నాడు. గేటు తియ్యమంటే తియ్యని మనిషి పయనీరైతే, కరెంటు తీసేసే లైన్‌మేను కూడా పయనీరే. అప్పుడు వాడు అసలు సంగతికొచ్చాడు. “పాట ఆఖర్లో ఒక ఆడమనిషి గొంతు వినిపిస్తాది కదా, అది ఎవులిది? వెనకపాట పాడీవోలా? అందరూ అదే అడుగుతన్నారు” అన్నాడు. వెనకపాటట! నవ్వుతో కుర్చీ మీంచి జారిపోబోయాను. ఆ గొంతు ఎవరిదో చెప్పాలంటే మావ గారి ‘సంగీత జీవితం’ మొత్తం విప్పాలి. విప్పుతాను. పెద్ద మూట కాదులెండి.

మా ఊళ్ల నుంచి ఆ కాలంలో చాలామందిలాగే మావ కూడా కుర్రతనంలో ఖరగ్‌పూర్ పోయి, రైలు పట్టాల గ్యాంగులో కుదిరాడు. అక్కడి రైలు కాలనీలో ఆంగ్లో ఇండియన్ డ్రైవర్లు, గార్డులు ఉండేవారు. శనివారం సాయంత్రం వాళ్ల హాల్లో డ్యాన్సు. మావ మొదట్లో అక్కడ కుర్చీలు సర్దడానికి పోయేవాడు. సర్దుతూ సర్దుతూ ఒక ముసలి డ్రైవరు దగ్గర గిటారు మీద వేళ్లు పెట్టడం నేర్చాడు. గిటారు వాయించేవాళ్లు ఇద్దరుండగా మూడోవాడిగా వెనక నిలబడ్డాడు. ఇదీ చరిత్ర. ఆయన చెప్పుకునే చరిత్ర వేరు. దాని ప్రకారం ఆ హాల్లో దొరసాన్ల కాళ్లు మావ వేళ్లు చెప్పినట్టు వినేవి. అమెరికాలో ఆవులు కాసుకునేవాళ్ల పాటలట అవి, వాటికి పరుగు నేర్పితే బూగీ అట. “గూడ్సుబండి నడకరా అది! లావు తీగలు సక్రాలు, సన్న తీగలు కూత. తెలిసిందేటి?” అనేవాడు. ఆవులు కాసేవాళ్లు మా ఊళ్లో మాత్రం లేరా? ఉన్నారు. వాళ్లకి టోపీలు లేవు, అంతే తేడా. మావకి మాత్రం అంచులు పైకి తిరిగిన టోపీ ఒకటి ఉండేది. ఖాకీ చొక్కా, కింద లుంగీ, నెత్తిన ఆ టోపీ పెట్టుకుని, పచ్చజెండా ఊపుతూ నిలబడితే రైల్లో పోయేవాళ్లు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి మరీ చూసేవాళ్లు. దాన్ని కూడా ఆయన అభిమానుల లెక్కలోనే వేసుకున్నాడు.

డ్రైవర్లంతా ఒక్కొక్కరే దేశం విడిచిపోయాక హాలుకి తాళం పడింది. మావ బతిమాలుకుని మా వైపు గేటుకి మార్పించుకున్నాడు. “సొంత నేలకి సంగీతం తెచ్చీసినాను” అన్నాడు. సొంత నేల అడగలేదు. ఆయన తెచ్చిన సరుకు మూడు పాటలు. మూడూ నాకు ఒకటిగానే వినపడేవి. అయినా ఫరవాలేదు, మనవాళ్లు ఒకే పాటని తరాల తరబడి వింటారు. అసలు చిక్కు వేరే ఉంది. మావకి పాట ఆపడం రాదు. అతిశయోక్తి కాదు, నిజంగానే రాదు. ఖరగ్‌పూర్ హాల్లో పాట ఎప్పుడు ముగించాలో డ్రమ్ముల ఆయన చూసుకునేవాడట. ఆయన ‘ఢాం’ అని ఒక దెబ్బ కొడితే అందరూ టక్కున ఆగడమే. మూడో గిటారువాడికి ముగింపు ఎవరు నేర్పుతారు? మావకి మొదలు తెలుసు, నడక తెలుసు. గూడ్సు బండి కదిలేది, వేగం అందుకునేది, ఆ తర్వాత దానికి స్టేషను అంటూ ఉండేది కాదు. చుట్టూ తిరిగి మళ్లీ మొదటికే వచ్చేది. ఆయన పాటని ఆసాంతం విన్నవాళ్లు గేటు అవతల ఇరుక్కున్నవాళ్లే, వాళ్లకీ ‘అంతం’ అనేది ఎదురుకాలేదు.

మరి ఎలా ఆగేదంటారా? గేటు పక్క క్వార్టర్సులోంచి మా అత్త ఒక కేక పెట్టేది. “కూడు సల్లారిపోతన్నాదీ!” అంతే. ఆ కేకకి మావ చెయ్యి తీగ మీద ఎక్కడుంటే అక్కడ ఆగిపోయేది. గిటారు గోడకి, టోపీ మేకుకి, గేటు పైకి. ఎడ్లబండ్లు కదిలేవి. గేటు దగ్గర చిక్కుకున్న ఆర్టీసీ డ్రైవర్లు “ఓ తల్లీ, ఇంకా వొండలేదేటి?” అని అత్తని బతిమాలడం నేను చెవులారా విన్నాను. క్యాసెట్టులో వినపడే గొంతు ఇదే. టేపురికార్డరు ముందు కూచుని అంత గొప్పగా ఎక్కించిన పాట చివరికి అలాగే ముగిసింది.

ఇంట్లో సరే. బయట? ఒకసారి నరసన్నపేటలో పెళ్లికి పిలిచారు. పిలిచినవాళ్లకి కొత్త సరదా, మావకి పాత దాహం. మధ్యాహ్నం ముహూర్తం. పందిరి ముందు కుర్చీ వేయించుకుని మావ మొదలుపెట్టాడు. పురోహితుడు గట్టిమేళం అని చెయ్యెత్తాడు, గూడ్సుబండి దాటిపోలేదు. పెళ్లికొడుకు తాళి పట్టుకుని అటూ ఇటూ చూస్తున్నాడు. సన్నాయివాళ్లు బుగ్గలు పూరించుకుని ఎదురుచూసి ఎదురుచూసి గాలి వదిలేశారు. ఆఖరికి పెళ్లికూతురి తండ్రి స్వయంగా వచ్చి మైకు వైరు పీకేశాడు. వైరు పీకినా మావ ఆపలేదు. అప్పుడు నలుగురు కలిసి కుర్చీతో సహా ఎత్తి వీధిలో పెట్టారు. వీధిలోనూ వాయించాడు. ఇంటికొచ్చి, “ఆ ఊరోలికి సంగీతం తెల్దు” అని తేల్చాడు. అత్త మాత్రం, “నాను రాలేదు, అదీ తప్పు” అంది.

ఇక నా సంగతి. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా సగంలో బడి మానేశాను. రైసుమిల్లులో చేరి సగంలో మానేశాను. సైకిలు షాపులో పంక్చర్లు వేయడం నేర్చుకుని, గాలి కొట్టడం నేర్చుకునేలోగా మానేశాను. సగాల లెక్కన చూస్తే నేను చాలా చదువుకున్నవాణ్ణి. ఇన్ని మానేసినా ఒకటి మాత్రం మానలేదు, మావ కూతురి మీద ఆశ. మేనరికం అంటే మా వైపు పుట్టగానే రాసిచ్చేసినట్టు. చిన్నప్పట్నించీ అందరూ ‘నీ పెళ్లాం’ అని ఏడిపించినదే. తీరా వయసొచ్చేసరికి అత్త విజయనగరంలో ఒక సంబంధం చూసింది. ఆఫీసులో టైపు కొట్టే కుర్రాడు, డిగ్రీ అయిపోయింది. అయిపోయింది అన్న మాట అత్త నా మొహం చూస్తూ ఒత్తి పలికేది. మరదలు నన్ను చూసి, “బావా, నాన్నదీ నీదీ ఒకటే రోగం. ఆయన పాట ఆపలేడు, నువ్వు మాట ఆపలేవు. ఇద్దర్నీ గేటుకి కట్టీస్తే రైళ్లే ఆగిపోతాయి” అనేది. నవ్వుతూనే అనేది, అదొక్కటే నాకు ఆధారం.

నేను మావ కాళ్ల దగ్గర కూచుని పిల్లనివ్వమని అడిగాను. ఆయన టోపీ సర్దుకుని చాలాసేపు ఆలోచించాడు. అమ్మవారి సంబరం దగ్గరికొచ్చింది. ఊరిపెద్దల్ని పట్టుకుని పట్టుకుని, తప్పెటగుళ్ల ఆట మొదలయ్యేలోగా కాసేపు వాయించుకోవడానికి ఒప్పించాడు. సొంత ఊళ్లో, స్టేజీ ఎక్కి, జనం ఎదుట వాయించడం ఆయనకి మొదటిసారి. కానీ నరసన్నపేట కుర్చీ ఆయన మర్చిపోయినట్టు కనపడినా మర్చిపోలేదు.

“ఒరే, నాను ఇంజను. నువ్వు గార్డువి. టేజీ మీద నా యెనకాల నిలబడి బ్రేకు ఎయ్యాల. నా పాటని మర్యాదగా, నలుగురి ముందర ముగించినోడికే నా కూతురు. టైపోడైనా, నువ్వైనా” అన్నాడు.

“ఏటి మావా, పిల్లనియ్యడానికి ఇదేటి లెక్క?”

“ఇదే లెక్క. సగంలో మానీసీ యెదవకి పిల్లనిస్తే సంసారం సగంలో మానీడేటి?”

మాట చురుక్కుమంది గానీ న్యాయంగానే ఉంది. వాయిద్యం ఒకటి కావాలి కదా. డ్రమ్ములు ఎక్కడివి? ఖాళీ కిరసనాయిలు డబ్బాకి తోలు పట్టీ కట్టి నా మెడలో తగిలించాడు. సంబరం వచ్చేదాకా రోజూ మధ్యాహ్నం గేటు దగ్గర అభ్యాసం. ఆయన నడిపేవాడు, నేను ‘టకటక’ అంటూ వెంటపడేవాణ్ణి, ఆయన తల వెనక్కి వాల్చగానే కర్రతో గట్టిగా ‘ఢాం’ అనేవాణ్ణి. మొదట్లో ఆగేవాడు కాదు. తర్వాత్తర్వాత ఆగడం మొదలుపెట్టాడు. జీవితంలో మొదటిసారి తన పాట తనంతట తాను ముగియడం విని మావ కళ్లు తుడుచుకున్నాడు. అత్త గడపలోంచి చూసి, “నా పని తప్పింది” అంది. ఆ గొంతులో సంతోషం మాత్రం లేదు. నేను పట్టించుకోలేదు. నా మనసంతా అప్పటికే పెళ్లిపందిట్లో ఉంది.

సంబరం రోజు వచ్చింది. మిట్టమధ్యాహ్నం దాటింది. ఆడవాళ్లు ఘటాలు నెత్తిన పెట్టుకుని ఊరేగింపుకి సిద్ధమవుతున్నారు. బల్లలు కలిపి కట్టిన స్టేజీ మీద మావ టోపీతో, నేను డబ్బాతో. కింద ఒకపక్క తప్పెటగుళ్ల దళం గుండెల మీద రేకు తప్పెటలు కట్టుకుని, కాళ్లకి గజ్జెలతో తమ వంతు కోసం నిలబడి ఉంది. వాళ్ల పెద్ద, ఆవులు కాసి కాసి ఎండిపోయిన ఒక తాత. మావని ఎగాదిగా చూసి, “ఆ టోపీ ఏటిరా గిటారూ? అలికిన పెంట తట్టలాగున్నాది” అన్నాడు. జనం గొల్లుమన్నారు. మావ వినిపించుకోలేదు. గూడ్సు బండి కదిలింది.

కాసేపటికి జనం బఠాణీల బండ్ల వైపు జారుకోవడం మొదలుపెట్టారు. పిల్లలు రంగులరాట్నం దగ్గరికి పోయారు. మావ వేళ్లు చెమటతో జారుతున్నాయి. ఆ వీపు చూస్తే నాకే జాలేసింది (ఆ జాలిలో సగం నా పెళ్లి మీద). సరిగ్గా అప్పుడే కింద తాత కాలు కదిలింది. ఎందుకు కదిలిందో నాకు ఇప్పటికీ తెలీదు. ఎక్కడో అమెరికాలో ఆవులు కాసుకునేవాడి నడక, ఇక్కడ ఆవులు కాసుకునేవాడి కాలికి తెలిసినట్టుంది. ఒక గజ్జె ఘల్లుమంది. తాత తప్పెట మీద వేళ్లు వేశాడు. అది చూసి పక్కవాడు. వాణ్ణి చూసి దళమంతా. క్షణంలో తప్పెటలన్నీ కలిసి గూడ్సుబండిని ఎక్స్‌ప్రెస్ చేసేశాయి. ఎగురుతున్నారు, గిర్రున తిరుగుతున్నారు, వంగి లేస్తున్నారు. బఠాణీల దగ్గర జనం పొట్లాలతో సహా పరిగెత్తుకొచ్చారు. మావ మొహం చూడాలి! ఊరంతా తన గిటారుకే ఎగురుతోందనుకున్నాడు. గిటారు ఆ మోతలో దోమ కూతంత కూడా వినపడలేదని ఆయనకి చెప్పే ధైర్యం ఆ తర్వాత కూడా నాకు కలగలేదు.

ఇక ముగించాలి. మావ తల వెనక్కి వాల్చాడు. నేను కర్ర ఎత్తి ‘ఢాం’ అన్నాను. ఎవరికి వినపడుతుంది? అన్ని తప్పెటల మధ్య ఒక కిరసనాయిలు డబ్బా! మావ ఆగలేదు. మళ్లీ కొట్టాను. కింద తాత నా వైపు చూసి, హుషారు చేస్తున్నాననుకుని, “శబాసు!” అని వేగం పెంచాడు. అదీ వచ్చిన చిక్కు. తప్పెటగుళ్లవాళ్లు తమ తాత సైగ చేస్తే తప్ప ఆగరు. పాట మావది కాబట్టి తాతేమో మావ సైగ కోసం చూస్తున్నాడు. మావ నా దెబ్బ కోసం చూస్తున్నాడు. నా దెబ్బకి వాళ్లు ఇంకా ఎగురుతున్నారు. గిరగిరా ఒకటే తిరుగుడు. తాత ఆయాసంతో, “ఒరే గిటారూ, ఆపరా నాయనా, సచ్చిపోతాను!” అని అరుస్తూనే ఎగురుతున్నాడు. ఘటాలు ఎత్తుకున్న ఆడవాళ్లు మెడలు పట్టేసి తిడుతున్నారు. ఊరిపెద్ద కండువా ఊపుతున్నాడు, దాన్నీ జనం హుషారే అనుకుని ఈలలు వేస్తున్నారు. నేను డబ్బా సొట్టలు పడేదాకా కొట్టాను. కర్ర విరిగింది. నా పెళ్లి కళ్లెదుటే రైలెక్కి పోతోంది.

అప్పుడు ఎవరో నన్ను తోసుకుంటూ స్టేజీ ఎక్కారు. మరదలు. మైకు లాక్కుని, వాళ్లమ్మ గొంతుని అచ్చుగుద్దినట్టు, “నాన్నా! కూడు సల్లారిపోతన్నాదీ!” అని ఒక్క కేక పెట్టింది.

మావ చెయ్యి తీగ మీద ఉన్నది ఉన్నట్టు ఆగిపోయింది. చూస్తున్న తాత ఆగాడు. దళం ఆగింది. ఒక గజ్జె మాత్రం చివర్న ఘల్లుమని నోరు మూసుకుంది. అంత నిశ్శబ్దంలో మావ అలవాటు కొద్దీ టోపీ తీసి, తగిలించడానికి మేకు కోసం వెతుక్కున్నాడు. ఆ తర్వాత లేచిన నవ్వు కోటబొమ్మాళి స్టేషనుదాకా వినపడి ఉంటుంది.

మావ కిందికి దిగి, “సూసినావేటిరా! ఊరు ఊరంతా ఎగిరీసింది!” అని గంతులు వేస్తున్నాడు. నేను విరిగిన కర్రతో నిలబడి, “మరి మన మాట?” అన్నాను.

“ఏ మాట? పాట ఆపింది నువ్వు కాదు కదేటి! అది ఆపినాది.”

మరదలు పమిట బిగించి మా ఇద్దరి మధ్యకి వచ్చింది. “సరే నాన్నా. పాట ముగించినోలికి నన్నిస్తానన్నావు. ముగించింది నాను. అంచేత నన్ను నాకే ఇచ్చీ. తరవాత నా సంగతి నాను సూసుకుంటాను.”

మావ నోరు తెరిచాడు. పాట అయితే ఆగేది కాదు గానీ, ఆ రోజు మాట ఆగిపోయింది. అత్త పక్కకి తిరిగి నవ్వింది. కాసేపటికి మావ, “అలగైతే ఏటంతావు? టైపోడా, ఈడా?” అని నీరసంగా అడిగాడు.

“టైపోడు నాకొద్దు. ఈడు కూడా ఇప్పుడొద్దు. ఏదో ఒక పని మొదలెట్టి సివరిదాకా సేసి రమ్మను. అప్పుడు సూద్దాం” అని ఘటాల వెంట వెళ్లిపోయింది. వెనక్కి కూడా చూడలేదు. (చూసిందని నేను చాలాకాలం అందరికీ చెప్పాను. చూడలేదు.)

నేను విజయనగరం వచ్చి ఒక మైకుసెట్టు షాపులో చేరాను. వైర్లు చుట్టాను, బాకాలు మోశాను, దెబ్బలు తిన్నాను. మానేయాలనిపించినప్పుడల్లా కిరసనాయిలు డబ్బా గుర్తొచ్చేది. పని పూర్తిగా నేర్చుకునే తిరిగి వెళ్లాను. పెళ్లయింది. పెళ్లిలో మావని వాయించనివ్వలేదు, అది నేను పెట్టిన షరతు. తాళి కట్టాక వాయించుకోమన్నాం. అత్త పప్పులోకి పోపు పెట్టి వచ్చేదాకా వాయించాడు.

ఇదీ పయనీరు గారి జీవితం: ఖరగ్‌పూర్లో మూడో గిటారు, కోటబొమ్మాళి గేటు దగ్గర తిట్లు, ఒక్క మధ్యాహ్నం ఎవరి తప్పెటలకో వచ్చిన ఈలలు తనవనుకున్న ఆనందం. ఆ ఆనందంతోనే చివరిదాకా బతికాడు. అత్త ముందు పోయింది. ఆ తర్వాత ఆయన గిటారు గోడ మీంచి దించలేదు. అడిగితే, “ఎవులు ఆపుతార్రా?” అన్నాడు. నేను నవ్వేశాను.

కుర్రాడికి ఇదంతా చెప్పాను. వాడు మొహం చిన్నబుచ్చుకున్నాడు గానీ క్యాసెట్టు పాట నా ఫోనులో ఎక్కించి పోయాడు. ఆ రాగానికి విలువేమీ పెరగలేదు, ఇప్పుడు విన్నా గేటు దగ్గర ఇరుక్కున్నట్టే ఉంటుంది. మా ఆవిడ ఫోను తీసుకుని, గిటారు భాగమంతా వేలితో ముందుకి తోసేసి, చివర్న వాళ్లమ్మ కేక దగ్గర ఆపింది. విన్నది. మళ్లీ విన్నది. లోపలికి పోయింది. మర్నాడు చూస్తే, తను ఫోను చేస్తే నాకు ఆ ముక్కే మోగేలా పెట్టేసింది. ఇప్పుడు రోజూ మధ్యాహ్నం, కొట్లో బేరగాళ్లందరి ముందూ, చొక్కా జేబులోంచి మా అత్త కేక పెడుతోంది. చేతిలో విరిగిన కర్రతో, పెళ్లి పోయిందనుకుని బిక్కమొహం వేసిన ఆ కుర్రాణ్ణి పిలిచి, ఒరే వెర్రివాడా, మరదలు పెట్టిన ఆ కేక నీకోసం కూడానురా అని చెప్పాలనిపిస్తుంది. వాడు వినడు, డబ్బా కొడుతూ ఉంటాడు. ఇంకా చాలా ఉంది చెప్పాల్సింది, మావ టోపీని మేక తిన్న సంగతి మొదలే పెట్టలేదు. కానీ ఇదిగో, జేబు మోగుతోంది.